పప్పుగుత్తితో నరాల పరీక్ష

జూలైలో ఒక మంగళవారం బడి వంటశాలలో కందిపప్పు చెరుగుతుంటే నా కుడిచేతి బొటనవేలి కింది కండ అదిరింది. చర్మం లోపల చిన్న పురుగేదో పక్కకు దొర్లినట్టనిపించి చేట దింపి చూశాను. నేను కదిలించకుండానే కండ తనంతట తాను ఎగిరెగిరి పడుతోంది. కప్ప గొంతు కింద తోలు కొట్టుకున్నట్టే ఉంది. ఎదురుగా ఉల్లిగడ్డలు కోస్తున్న తాహేరాకు చూపించాను. ఆమె కత్తి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకొని, చాలాసేపు వంగి చూసింది.

"అక్కా, మొన్న ఐతారం నిజాంసాగర్ చేప తిన్నవ్ గదా. అండ్ల ఒకటి బతికే ఉన్నట్టుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు అంతటితో అయిపోయింది.

ఎల్లారెడ్డిలో మాది నూట అరవై మంది పిల్లల బడి. వాళ్ళందరికీ మధ్యాహ్నం అన్నం మేమిద్దరమే వండుతాం. మా ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. నేను ఈ పొయ్యి దగ్గరికి వచ్చి తొమ్మిదేళ్ళు. తాహేరా నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది, నా తర్వాత మూడేళ్ళకు వచ్చింది. ఆమె భర్త ఘనీ గాంధారి దారిలో ఆటో నడుపుతాడు.

వంటశాల అంటే బడి వెనక రేకుల కొట్టం. రెండు పెద్ద కట్టెల పొయ్యిలు, చాయ్‌కి ఒక చిన్న పొయ్యి, గోడకు ఒక కిటికీ. గడియారం లేదు. ఫోన్లు పొగకు పాడవుతాయని బయట గూట్లో పెట్టి వస్తాం. అందుకని మేము కాలాన్ని చాయ్‌లతో లెక్కపెట్టుకుంటాం. ఎసరు మరగడానికి ఒక చాయ్, అన్నం ఉడకడానికి ఒక చాయ్, పప్పుకు రెండు, పులుసుకు ఒకటి, గుడ్లు పెట్టే రోజు గుడ్లకు ఒకటి. చాయ్ పోసుకొని, ఊదుకుంటూ తాగి, గ్లాసు కింద పెట్టామంటే గంజి వంచే వేళ అయినట్టు. కొత్తగా వచ్చిన టీచరమ్మలు ఇంకా ఎంతసేపని అడిగితే, ఇంకో అర చాయ్ పడుతుందని చెబుతాం. వాళ్ళు తమకు కూడా ఇస్తామేమోనని కాసేపు నిలబడి, సిగ్గుపడి వెళ్ళిపోతారు.

శుక్రవారం నాటికి కూడా వేలు అదురుతూనే ఉంది. నేను ఊరుకొని ఉంటే సరిపోయేది. కాని నాకు నలభై ఎనిమిదో ఏట చదువు వచ్చింది. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడం ఇష్టం లేక సంతకం నేర్చుకోబోతే, నేర్పడానికి వచ్చిన సాయిలత అనే అమ్మాయి నన్ను అక్కడితో ఆగనివ్వలేదు. అప్పటినుంచి కనబడ్డదల్లా చదువుతాను. సబ్బు మీది కాగితం, బస్సు వెనక రాతలు, మందు డబ్బాలో మడిచి పెట్టిన చీటీ, ఏదీ వదలను. ఆ సాయంత్రం ఫోన్ తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, బొటనవేలు ఎందుకు అదురుతుంది అని రాశాను. చదువు రాకముందు నాకు తెలిసిన రోగాలు రెండు చేతుల వేళ్ళకు సరిపోయేవి. ఆ ఫోన్‌లో ఒక్క బొటనవేలికే పదిహేడు ఉన్నాయి.

పదహారింటిని గబగబా దాటేశాను. చివరిదాని పేరు చదవడానికే మూడుసార్లు పట్టింది. ఆ రోగంలో నరాలు మెల్లమెల్లగా చచ్చుబడతాయట. కండలు అదురుతాయి, చేతిలో పట్టు తప్పుతుంది, పట్టుకున్న వస్తువులు జారిపోతాయి. ఇది చాలా అరుదు, లక్షల్లో ఏ కొద్దిమందికో వస్తుందని కూడా అక్కడే రాసి ఉంది. ఆ కొద్దిమందిలో నేను ఉంటానని మాత్రం నాకు ఎందుకో గట్టిగా అనిపించింది.

మరునాటి నుంచి ఎడమ పిక్క కూడా అదరడం మొదలుపెట్టింది. తర్వాత కనురెప్ప. నిద్ర రావడం మానేసింది. గంటకోసారి బొటనవేలి కింద నొక్కి, అదురుతోందా లేదా అని చూసుకునేదాన్ని. అదిరితే భయం, అదరకపోతే చచ్చుబడిందేమోనని ఇంకా భయం. నాలుక కూడా అదురుతుందని ఒకచోట చదివి, స్టీలు కంచం తోమి, అందులో నాలుక చాపి చూసుకున్నాను. వణుకుతోంది. సరిచూసుకుందామని తాహేరాను కూడా నాలుక చాపమన్నాను. ఆమెదీ వణికింది. ఒకే వంటశాలలో ఇద్దరికీ వచ్చిందని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. ఆమె నాలుక లోపలికి లాక్కొని, ఇంక నా ముందర దాన్ని బయటికి తీయనని ఒట్టు పెట్టుకుంది.

ఇదంతా నవ్వులాటగానే గడిచేది, గంజు లేకపోతే.

గంజు అంటే మేము పులుసు కాచే పెద్ద గిన్నె. దానికి రెండు పక్కలా ఇనుప కడియాలు ఉంటాయి. పొయ్యి మీద నుంచి దింపాక నేను కుడిచేత్తో ఒక కడియం, తాహేరా ఎడమచేత్తో ఇంకో కడియం మసిగుడ్డతో పట్టుకొని, కొట్టం దాటి, వాకిలి దాటి, మూడు మెట్లెక్కి వరండాలోకి తీసుకుపోతాం. వరండాలో పిల్లలు రెండు వరుసలుగా కూర్చొని ఉంటారు. ఒకటో తరగతి వాళ్ళు మెట్ల దగ్గరే. మేము వాళ్ళ మోకాళ్ళను రాసుకుంటూ మధ్యలోంచి నడుస్తాం. పొగలు కక్కే పులుసు వాళ్ళ తలల కన్నా ఎత్తులో పోతూ ఉంటుంది. తొమ్మిదేళ్ళలో ఒక్క చుక్క కూడా ఎవరి మీదా పడలేదు. జారిపోతాయి అన్న మాట చదివిన దగ్గరి నుంచి నాకు వేరే ఏదీ కనబడలేదు. మెట్లెక్కుతుండగా నా వేలు అదిరినట్టు, కడియం జారినట్టు, కింద ఒకటో తరగతి వాళ్ళు తలెత్తి చూస్తున్నట్టు, అంతవరకు వచ్చి ఆగిపోయేదాన్ని.

సోమవారం నుంచి గంజు మోయనని చెప్పాను. తాహేరా కొట్లాడింది, బతిమాలింది, నా కడియాన్ని తాను, తన కడియాన్ని నేను పట్టుకుందామని కూడా అంది. నేను కదల్లేదు. చిన్న బకెట్లలో పోసి తాహేరా ఒక్కతే మోయసాగింది. పద్నాలుగు సార్లు తిరగాలి. చివరి వరుసకు చేరేసరికి పులుసు చల్లారిపోయేది. ఐదో తరగతి పిల్లలు వట్టి అన్నం కెలుకుతూ కూర్చునేవారు. మూడు రోజులకే తాహేరా నడుం పట్టేసింది. ఆమె నాతో ఏమీ అనలేదు గాని బకెట్ దించినప్పుడల్లా అల్లాను పిలిచేది.

మా హెడ్‌మాస్టరు సుందర్ సారు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు. వచ్చే ఆదివారం కామారెడ్డికి హైదరాబాదు నుంచి నరాల డాక్టరమ్మ వస్తుందని, చూపించుకొని రమ్మని అన్నాడు. రోగం ఉందని తేలితే నేను పని వదిలేస్తానని, నా జాగాలో వేరే మనిషిని చూసుకోమని నేనే చెప్పాను. మాచారెడ్డి నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న ఒకామె ఈ పని కోసం రెండుసార్లు అడిగిపోయిందని నాకు తెలుసు. ఆయన సరేనన్నాడు. సరే అంటాడని నేను అనుకోలేదు. బయటికొచ్చి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాను.

బడి గేటు పక్కింట్లో సిద్దిరాములన్న ఉంటాడు. రిటైరైన కండక్టరు. కిందటేడు కాలు మొద్దుబారితే ఆ డాక్టరమ్మకే చూపించుకున్నాడు. అక్కడ ఏమేం చేస్తారో ఆయన ఊరి స్టాపులు చెప్పినట్టు వరుసగా చెప్పాడు. ముందు మోకాలి కింద చిన్న సుత్తితో కొడతారు, కాలు ఎగరాలి. ఇనుప పుల్ల మోగించి ఎముకకు ఆనిస్తారు, గుంయ్‌మనడం తెలియాలి. చేతులు నెట్టమంటారు, గుంజమంటారు. మడమకు వేలు తగిలేట్టు గీత మీద నడవమంటారు. కళ్ళు మూసుకొని ముక్కు ముట్టుకోమంటారు. ఏది తప్పినా పట్టుకుంటారని ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు.

నేను చాలా ఆలస్యంగా చదువుకున్న మనిషిని. ఏదైనా సాధన చేయకుండా వెళ్ళడం నాకు చేతకాదు.

గురువారం వంటయ్యాక బియ్యం బస్తాల మీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్నాను. సుత్తి లేదు కాబట్టి తాహేరా పప్పుగుత్తి తీసుకుంది. మోకాలి కింద కొట్టింది. కాలు ఎగరలేదు. ఇంకోసారి కొట్టింది. ఎగరలేదు. నన్ను దింపి తాను కూర్చొని నన్ను కొట్టమంది. ఒక్క దెబ్బకు ఆమె కాలు లేచి నీళ్ళ బిందెను తన్నేసింది. బిందె దొర్లుకుంటూ పోయి గడపకు తగిలింది. ఆమెకు సంతోషం, తన నాలుక మాట అబద్ధమని తేలినందుకు. నాకు మాత్రం రోగం ఖాయమైపోయింది.

అయినా ఆపలేదు. శుక్రవారం పది దెబ్బలు, శనివారం ఇరవై. శనివారం మధ్యాహ్నానికి నా కాలు ఎగరడం నేర్చుకుంది. పప్పుగుత్తి దగ్గరికి రాగానే ఎగిరేది, తగలకముందే. ముందుగా ఎగిరితే తప్పేముంది, ఆలస్యమైతేనే కదా రోగం అని నేను అనుకున్నాను. తాహేరా కూడా మెచ్చుకుంది. ఖోఖో ఆటకు వాకిట్లో గీసిన సున్నపు గీత మీద మడమకు వేలు తగిలిస్తూ నడిచాను. నాలుగో అంగకు వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. రెండో తరగతి మొత్తం నా వెనక వరుసగా, మడమకు వేలు తగిలిస్తూ వస్తోంది.

ఆదివారం పొద్దున బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు తీసుకున్నాం. లింగంపేట దాటేదాకా తాహేరా నన్ను నవ్వించాలని చూసింది. ఆ తర్వాత ఆమె కూడా కిటికీలోంచి మక్కచేన్ల వైపు చూస్తూ కూర్చుంది. ఒకసారి మాత్రం నా కుడిచెయ్యి తీసుకొని తన ఒళ్ళో పెట్టుకుంది. నేను లాక్కోలేదు.

కామారెడ్డి బస్టాండు దగ్గరి సందులో ఒక మేడ మీద ఆసుపత్రి. డాక్టరమ్మ పేరు పద్మలత. నలభై ఏళ్ళుంటాయి. చక్రాలున్న తిరుగుడు కుర్చీలో కూర్చొని, అటూ ఇటూ జరుగుతూ పని చేస్తుంది. నా మాటంతా విన్నది. ఫోన్‌లో చదివిన పేరు చెప్పబోతే నాలుక తిరగలేదు. ఆమే చెప్పేసింది. ఈ వారంలో ఆ పేరుతో వచ్చిన ఏడో మనిషిని నేనట.

నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి సుత్తి తీసింది. నేను సిద్ధంగా ఉన్నాను. సుత్తి జానెడు దూరంలో ఉండగానే నా కాలు ఎగిరింది. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"అమ్మా, నేనింకా కొట్టలే."

ఇంకో కాలు దగ్గరికి వచ్చింది. అదీ ఎగిరింది. ఆమె సుత్తి ఒళ్ళో పెట్టుకొని తాహేరా వైపు చూసింది. తాహేరా నేల వైపు చూసింది. అడగ్గా అడగ్గా పప్పుగుత్తి సంగతి బయటికొచ్చింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాసేపు కాగితం మీద ఏదో రాసినట్టు చేసింది. అది ఎగిరించేది కాదని, దానంతట అదే ఎగిరేదని, మనం దాన్నే చూస్తూ బిగబట్టి కూర్చుంటే ఒక్కోసారి ఎగరదని చెప్పింది. రెండు చేతుల వేళ్ళూ కొక్కేల్లా తగిలించి గట్టిగా గుంజమంది, గోడ మీది క్యాలెండరులో నెల పేరు చదవమంది. నేను ఆగస్టు అని చదువుతుండగా ఎక్కడో కిందుగా నా కాలు లేచింది. ఎవరి కాలో అన్నట్టు చూశాను. రెండోదీ అంతే.

తర్వాత నాలుక. భయపడుతూనే చాపాను. నాలుక బయట పెడితే అందరిదీ వణుకుతుందని, నోట్లో ఊరికే ఉన్నప్పుడు చూడాలని చెప్పి, లైటు వేసి చూసి, బాగుందని అంది. ఆ మాట వినగానే తాహేరా లేచి వచ్చింది.

"మేడమ్, నాది గూడ జర చూడుండ్రి. వారం సంది నోరు మూసుకొనే ఉన్న."

తాహేరా వారం నోరు మూసుకొని ఉండటం నేనైతే చూడలేదు. డాక్టరమ్మ ఆమెదీ చూసింది.

ఇనుప పుల్ల గుంయ్‌మంది, తెలిసింది. సూది గుచ్చుకుంది, తెలిసింది. గీత మీద నడిచాను, వెనక ఎవరూ రాలేదు. ఇంక చేతులు. బలమంతా పెట్టి తన అరచేతులను నెట్టమంది. నేను మెల్లగా నెట్టాను, మర్యాదగా ఉండదని. ఇంకా గట్టిగా అంది. ఇంకొంచెం నెట్టాను. నూట అరవై మందికి వండే చేతులు ఇవేనా అని అంది. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. నెట్టాను. కుర్చీ చక్రాలు కిర్రుమంటూ వెనక్కి పోయి, డాక్టరమ్మ వీపు గోడకు తగిలి, క్యాలెండరు ఊడి ఆమె భుజం మీద పడింది. నర్సు తలుపు తెరిచి చూసింది. నేను బల్ల దిగి దండం పెట్టాను. డాక్టరమ్మ అక్కడే గోడకు ఆనుకొని, క్యాలెండరు పట్టుకొని, గట్టిగా నవ్వేసింది.

నవ్వయ్యాక నా చేతిని తీసుకొని బొటనవేలి కింద చూసింది. అక్కడ పావలా అంత మచ్చ ఎర్రగా కమిలి ఉంది. గంటకోసారి నొక్కి చూసుకుంటున్నానని చెప్పాను.

"గంటకోసారి దాన్ని లేపుతుంటే అదెట్ల పండుకుంటదమ్మా?"

నిద్ర గురించి అడిగింది. లేదని చెప్పాను. చాయ్ ఎన్నిసార్లు తాగుతారని అడిగింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండని చెప్పాను. ఆమె రెండు అని రాసుకుంది. పక్కనుంచి తాహేరా నా ముఖంలోకి చూసింది.

"మరి పప్పువి?"

"అవి చాయ్‌లేంది, అవి టైము గదా," అన్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. నేను అబద్ధం చెప్పలేదు. పొయ్యి దగ్గర తాగేదాన్ని నేను ఏనాడూ చాయ్‌గా లెక్కపెట్టలేదు. గడియారం చూసినంత మాత్రాన ఎవరైనా తిన్నట్టా, తాగినట్టా. ఆమె వివరంగా చెప్పమంది. తాహేరా చెప్పింది: ఎసరుకు ఒకటి, అన్నానికి ఒకటి, పప్పుకు రెండు, పులుసుకు ఒకటి. డాక్టరమ్మ ఒక్కో దానికి ఒక్కో గీత గీసుకుంటూ పోయింది. గుడ్లున్నాయా అని అడిగింది, ఉన్నాయంటే ఇంకో గీత గీసింది. ముందు రాసుకున్న రెండూ కలిపి మొత్తం ఎనిమిది. గ్లాసు ఎంతుంటుందని అడిగింది. తాహేరా రెండు అరచేతులూ చాపి, మధ్యలో ఒక చెంబు పట్టేంత ఖాళీ వదిలి చూపించింది. ఘనీ తమ్ముడు కలీమ్ జూన్‌లో సౌదీ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు పింగాణీ కప్పులు తెచ్చాడు. మా చిన్న గ్లాసులు పగిలాయని తాహేరా వాటిని వంటశాలకు తెచ్చింది. చాయ్ కూడా ఆమె చేతి చాయ్, చాయ్‌పత్తి వేసి వేసి, నల్లగా మరిగించింది.

అన్నీ తాహేరా కూడా తాగుతుందని, ఆమెకు అదరడం లేదని నేను అన్నాను. అందరి ఒళ్ళూ ఒక్క తీరుగా ఉండవని, పైగా తాహేరా పండుకుంటే పొద్దునదాకా లేవదని, ఫోన్‌లో రోగాలు చదవదని డాక్టరమ్మ లెక్క చెప్పింది. తాహేరా నిద్ర మాట ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ముఖం చూసి చెప్పి ఉంటుంది.

ఆమె నెమ్మదిగా, నేను అర్థం చేసుకునేలా చెప్పింది. నేను చదివిన రోగంలో ముందుగా చూసేది అదురు కాదు, బలం. కండ సన్నబడుతుంది, బలం తగ్గుతుంది. నాకు రెండూ లేవు. ఇలా ఉత్తగా అదరడం ఎందరికో ఉంటుంది, చాయ్, నిద్ర లేకపోవడం, భయం దాన్ని పెంచుతాయి. రక్తంలో లవణాలు, థైరాయిడ్ ఒకసారి చూద్దామని చీటీ రాసింది. నిజంగా పట్టు తప్పితే, గుండీ పెట్టుకోవడం కష్టమైతే, నడకలో తేడా వస్తే ఆగకుండా రమ్మంది. ఊరికే అదిరితే రావద్దంది.

నేను ఇంకా లేవలేదు. అసలు అడగాల్సింది అడగలేదు. గంజు గురించి, మెట్ల గురించి, ఒకటో తరగతి వాళ్ళు ఎక్కడ కూర్చుంటారన్నది కూడా చెప్పాను. ఆమె ఈసారి నవ్వలేదు.

"రేపు మోసేటప్పుడు వేలు అదిరితే ఎట్ల మేడమ్?"

"అదురుతది. నెల రోజులన్న అదురుతది. అదిరేది వేరు, జారేది వేరు. అదురుకుంటనే మొయ్యొచ్చు, నీ పట్టు నేను చూసిన."

నెట్టుడు పట్టుడు ఒకటే అవుతాయా అని నేను అడిగాను. ఆమె తన రెండు వేళ్ళు నా పిడికిలిలో పెట్టి పట్టుకోమంది, గుంజుకుంది. రాలేదు. ఇంకోసారి గుంజుకుంది. చివరికి నన్నే వదలమని అడిగింది.

తిరుగు బస్సులో తాహేరా ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. జూలై నుంచి అన్నం మెత్తగా అవుతోందని, పప్పు అడుగంటుతోందని సుందర్ సారు రెండుసార్లు చెప్పాడు. బియ్యం కొత్తవని మేము జవాబు చెప్పాం. కప్పు పెద్దదైతే చాయ్ తాగడానికి రెండింతల సేపు పడుతుందని మాకు ఇద్దరికీ తట్టనే లేదు. నా నరాలతో పాటు పిల్లల అన్నం కూడా పాడుచేసిన కప్పులవి. వాటిని కలీమ్‌కే తిరిగి ఇచ్చేస్తానని ఆమె అంది. ఇంక గడియారంగా నువ్వొక్కదానివే ఉండు, కొత్తగా చిన్న గ్లాసు తెచ్చుకొని తాగు, నేను చూస్తానని చెప్పాను. తన ఒక్కతికే చాయ్ దిగదని కాసేపు అలిగింది. లింగంపేట వచ్చేసరికి నేను పక్కన వేడినీళ్ళు తాగేలా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత నేను నిద్రపోయాను. ఎల్లారెడ్డి బస్టాండులో ఆమె నన్ను లేపేసరికి ఆమె భుజం మీది కొంగు నా చొల్లుతో తడిసి ఉంది.

సోమవారం పప్పుచారు కాచాం. గంజు దించే వేళకు సుందర్ సారు కొట్టం దగ్గరికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మసిగుడ్డ తడిపి, పిండి, కడియానికి చుట్టాను. తాహేరా తన కడియం పక్కన నిలబడింది.

పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే బొటనవేలి కింద అదిరింది. మసిగుడ్డ లోపల, ఇనుము మీద, టకటకా కొట్టుకుంటోంది. నేను ఆగిపోయాను. తాహేరాకు తెలిసిపోయింది.

"అదురుతుందా అక్కా?"

"అదురుతుంది."

"మరి?"

"లేపు," అన్నాను.

లేపాం. వాకిట్లో సగం దూరం దాకా నా చూపంతా వేలి మీదే. మెట్ల దగ్గర కళ్ళు ఎత్తక తప్పలేదు. ఒకటి. రెండు. మూడో మెట్టు మీద గంజు కొంచెం నా వైపు వొరిగింది, ఎప్పుడూ వొరిగేంతే. వేలు అదురుతూనే ఉంది, కడియం మాత్రం అక్కడే ఉంది. ఒకటో తరగతి పిల్లలు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. వాళ్ళ తలల పైనుంచి పొగ పోయింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఐదో తరగతి వరుస చివరిదాకా వెళ్ళి దింపాం. అప్పుడు చూసుకుంటే నా చీర వీపంతా చెమటకు తడిసింది. తాహేరా నవ్వుతోంది గాని ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

గరిటె తీసుకొని వడ్డించడం మొదలుపెట్టాను, కుడిచేత్తోనే. వారం తర్వాత మొదటిసారి ఐదో తరగతి వాళ్ళకు పొగలు వచ్చే పప్పుచారు అందింది. వాళ్ళు ఊదుకుంటూ కలుపుకున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పిల్ల నమలడం ఆపి నా వైపు చూసింది. పక్కపిల్ల కూడా చూసింది. వరుసంతా ఒకరి తర్వాత ఒకరు చేతులు ఆపేశారు. నేను వేలితో రుచి చూశాను.

నేనూ తాహేరా పొద్దున్నుంచి నా బొటనవేలినే చూసుకుంటూ పప్పుచారులో ఉప్పు వేయలేదు. ఉప్పు డబ్బా కోసం నేను కొట్టంలోకి పరుగెత్తాను.